గునుగును కలుపని రాశాను

పాత తోటలు, పాత బావులు, పాత చలివేంద్రాలు పడిపోకుండా దాతల డబ్బు ఇప్పించే ఒక ట్రస్టులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఈమధ్య అక్కడ కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "సార్, మీకు పేరు తెచ్చిన పని ఒకటి రాసివ్వండి" అన్నారు. పేరు తెచ్చిన పనులకు ఫొటోలున్నాయి. ఆఫీసు గోడలకు వేలాడుతున్నాయి, వెళ్ళి చూసుకోండి. నేను సిగ్గుపడే పని ఒకటుంది. దానికి ఫొటో లేదు కాబట్టి అదే రాస్తాను.

మన పని ఎలా నడుస్తుందో మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక వాడలోని కమిటీ దరఖాస్తు పెడుతుంది. నాలాంటివాడు వెళ్ళి చూసి, ఏముంది, ఏం పాడైంది, ఏం కాపాడాలి అని ఫారంలో రాసుకొస్తాడు. ఆ రాత మీద ఆర్కిటెక్టు నక్షా గీస్తుంది, పైవాళ్ళు సంతకాలు పెడతారు, కూలీలు దిగుతారు. సంతకాలు పెట్టేవాళ్ళు ఆ చోటును చూడరు. మనం రాసిందే వాళ్ళకు తోట. ఈ మాట నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక పెద్దాయన చెప్పాడు. నేను నోట్‌బుక్కులో కూడా రాసుకున్నాను, మంచి దస్తూరీతో.

బొంబాయిలో సానివాడగా పేరుపడ్డ కామాఠిపురా నుంచి దరఖాస్తు వచ్చిందనగానే ఆఫీసులో ఇద్దరు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నేను పుట్టింది అక్కడి తెలుగు చాల్‌లోనే, అంతస్తుకో వరస ఒంటిగదులున్న ఇంట్లో. మా ముత్తాత రాళ్ళు మోయడానికి పాలమూరు వైపు నుంచి వచ్చాడు. ఈ నగరంలో ఆయన మోసిన రాళ్ళు ఎన్ని గోడల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. నాకు ఉద్యోగం వచ్చాక కల్యాణ్ అవతల ఇల్లు తీసుకుని వెళ్ళిపోయాం. "తెలుగు గల్లీ కదా, నువ్వే పో" అన్నాడు మా పైఅధికారి. గ్రాంట్ రోడ్‌లో రైలు దిగి, ఫాక్‌లాండ్ రోడ్ దాటి, వానలో గొడుగు పట్టుకుని మా వాళ్ళ గల్లీలోకి సాహెబులా నడిచాను. నాకు లోపల గర్వంగానే ఉంది, ఎందుకు దాచడం.

తోటంటే పెద్దదేం కాదు. ఎప్పుడో ఒక వ్యాపారి తన తల్లి పేరు మీద కట్టించి గల్లీకి వదిలేసింది. ముందర నల్లరాతి చలివేంద్రం, దాన్ని ఇక్కడివాళ్ళు ప్యావ్ అంటారు. నాలుగు వైపులా ఆవు ముఖాల నోళ్ళలోంచి నీళ్ళు పడేవట. మా చిన్నప్పటికే ఎండిపోయింది. వెనక ఇనుప కటకటాలు, గుండ్రటి ఫౌంటెన్, ఆరు రాతి బెంచీలు. బెంచీల్లో రెండు విరిగిపోయాయి. ఫౌంటెన్‌లో పాత టైర్లున్నాయి. నలుగురు ముసలివాళ్ళు మిగిలిన బెంచీల మీద కూచుని మరాఠీ పేపరు చదువుతున్నారు. పది అడుగుల గదుల్లో ఆరేడుగురు బతికే గల్లీలో ఆకాశం కనిపించే జాగా అదొక్కటే.

కమిటీ సెక్రటరీ నలభై దాటిన ఎలక్ట్రీషియన్. తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగించే మనిషి. "అన్నా, ఈసారి గ్రాంట్ రాకుంటే ఖతం. ఇది ఖాలీ పడ్డదని బండ్లు పెట్టుకునే జాగ జేస్తరంట. మా పోరలు యాడ ఆడాలె, ముసలోళ్ళు యాడ కూసోవాలె, బోలో" అన్నాడు. అతని గొంతులో భయం ఉంది. నేను భరోసా ఇచ్చాను. భరోసా ఇవ్వడం మన పని కాదని మీకు శిక్షణలో చెప్పే ఉంటారు.

చలివేంద్రం వెనక వైపు, కటకటాలకూ గోడకూ మధ్య, ఒక పడక గదంత జాగాలో జానెడెత్తు మొక్కలున్నాయి. చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి ఉన్నాయి. ఒకావిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని, మొక్కల మధ్య గడ్డి ఏరుతోంది. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టింది. మా అమ్మ పేరు చెప్పి, ఆమె కొడుకువే కదా అంది.

"ఏందవ్వా ఇది?" అన్నాను, తెలిసి కూడా.

"ఎరుక లేదా? గునుగు. మా అత్త ఊరికెల్లి కొంగుల ముడేసుకొని తెచ్చింది ఇత్తులు. ఆమె పోయినంక నేను జూస్కుంటున్న. దాదర్ బజార్ల బంతి దొరుకుతది, చామంతి దొరుకుతది. గునుగు యాడ దొరుకుతది బిడ్డా? గునుగు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ? మీ అమ్మ గూడ ఈడికెల్లే కోస్కపోయేది."

నిజమే. మా అమ్మ తెల్లటి గునుగు కట్టల్ని గులాబీ రంగులో, నీలం రంగులో ముంచి గది బయట తాడు మీద ఆరేసేది. నా స్కూలు చొక్కాకు ఒకసారి ఆ నీలం అంటుకుంటే నేను రెండు రోజులు ఏడ్చాను. ఈ గల్లీ ఆడవాళ్ళందరికీ తొమ్మిది రోజులకూ సరిపడా పువ్వు ఆ పడక గదంత జాగాలోంచే వచ్చేది. ఎవరినీ అడిగేది లేదు, ఎవరికీ చెప్పేది లేదు.

చలివేంద్రం మెట్టు మీద కూచుని ఫారం నింపడం మొదలుపెట్టాను. మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: ఈ స్థలంలో ఏ భాగమైనా ఎవరైనా వ్యక్తి స్వాధీనంలో గానీ సాగులో గానీ ఉన్నదా? ఉంటే ఎవరు, ఎప్పటినుంచి, ఖాళీ చేస్తారా?

ఉన్నది అని రాస్తే ఫైలు వకీలు దగ్గరికి పోతుంది. అక్కడికి పోయిన ఫైళ్ళలో మళ్ళీ వెలుగు చూసినవాటిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఈ ముసలమ్మకు నోటీసు వస్తుంది. ఆమె ఆ కాగితం పట్టుకుని సెక్రటరీ దగ్గరికి పోతుంది, అతను నా దగ్గరికి వస్తాడు, ఈలోగా తోటలో బళ్ళు నిలబడతాయి. కాబట్టి 'లేదు' అని రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. మొక్కల జాబితాలో ప్రతి మొక్కకూ ఉంచాలి, తీసేయాలి అని రాయాలి కదా. ఇటుకలు పేర్చిన ఆ మడి గురించి ఏదో ఒకటి రాయాలి. 'దానంతట అదే మొలిచిన కలుపు' అని రాశాను.

ఆ మాట ఆమెను కాపాడటానికే రాశానని అప్పుడు అనుకున్నాను, చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో సగమే నిజం. ఆర్కిటెక్టు మేడం పుణె అమ్మాయి, చురుకైనది, చెట్లకు లాటిన్ పేర్లు పెట్టి పిలిచేది. ఆమె ముందు ఇది మా ఆడవాళ్ళు పూజ చేసే పువ్వు అని చెప్పడానికి నాకు మొహమాటం వేసింది. పొలాల్లో దీన్ని కలుపనే పీకేస్తారు కదా, నేను రాసింది అబద్ధమెలా అవుతుంది అని నాకు నేనే వాదించుకున్నాను కూడా. అవ్వకు మాత్రం చెప్పలేదు. డబ్బు రావడానికి ఏడాదిన్నరకు తక్కువ పట్టదు. ఈ ఏడు పువ్వు కోసుకుంటారు, వచ్చే ఏడుకు ఏదో ఉపాయం చేద్దాం అనుకున్నాను.

నా ఉద్యోగంలో అంతకుముందు లేదు, తర్వాత లేదు, ఆ ఒక్క గ్రాంటు రెండు నెలల్లో వచ్చింది. ఎవరో దాత ఆ ఏడే ఖర్చు కావాలన్నాడట. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

గణపతి నిమజ్జనమైన మూడో రోజు పని మొదలైంది. నేను వెళ్ళేసరికి ఆర్కిటెక్టు మేడం బెంచీ మీద నక్షా పరిచి నిలబడి ఉంది. కాంట్రాక్టరు, కూలీలు పని కోసం నిలబడే నాగ్‌పాడా నాకా నుంచి ఐదుగురు కూలీలను తెచ్చాడు. మాట వినగానే తెలిసింది, అందరూ పాలమూరు వాళ్ళే. ఇద్దరు మగవాళ్ళు టైర్లు లాగుతున్నారు. ముగ్గురు ఆడవాళ్ళు గడ్డి పీకుతూ చలివేంద్రం వెనక్కి వెళ్ళారు. కాసేపటికి అక్కడ చప్పుడు ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే ముగ్గురూ ఇటుకల బయట నిలబడి ఉన్నారు. గునుగు నడుమెత్తు పెరిగింది, చివర మొగ్గ తొడిగింది.

"ఏమైంది?" అన్నాను.

వాళ్ళలో పెద్దావిడ తలగుడ్డ సర్దుకుని, "గిది గునుగు గద సార్. ఎవలో పెట్టిన్రు, పలచన జేసిన్రు, సుట్టు ఇటుకలు వెట్టిన్రు. మొగ్గ మీదున్నది. రెండు వారాలైతే బతుకమ్మ. గిప్పుడెట్ల పీకుతం? మేం పీకం" అంది.

మేడం వెనకే వచ్చింది. "ఏమంటున్నారు?" అని హిందీలో నన్ను అడిగింది. అక్కడ రెండు భాషలూ బాగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. "చాయ్ కావాలంటున్నారు మేడం. పొద్దున్నించీ తాగలేదట" అన్నాను.

"అయితే ఇప్పించండి" అందామె, వాచీ చూసుకుంటూ.

ఆ పెద్దావిడ నా వంక చూసింది. పదేళ్ళుగా ఈ నగరంలో ఇటుకలు మోస్తున్న మనిషికి హిందీ రాదని నేనెలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆమె మేడం వైపు తిరిగింది. "నై మేడం. చాయ్ నై మంగతా. యే ఫూల్ హై, దేవీ కా. కోయీ లగాయా. హమ్ నై నికాల్తా" అంది. దేవి పువ్వు, ఎవరో వేశారు, మేం తీయం అని.

మేడం ఇటుకలను చూసింది. మొక్కల మధ్య శుభ్రంగా ఉన్న మట్టిని చూసింది. తర్వాత నన్ను చూసి, "మీకు ముందే తెలుసా?" అంది. నాకు తల తీసేసినట్టయింది. తెలుసన్నాను. ఎవరు వేశారో తెలుసా అంది. అదీ తెలుసన్నాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. నక్షా చుట్టచుట్టి, "పని ఆపండి. రిపోర్టులో ఒకటి, స్థలంలో ఒకటి ఉంటే నేను సంతకం పెట్టలేను. ట్రస్టుకు రాయాలి. వాళ్ళు గ్రాంటు ఆపేయవచ్చు" అంది.

ఆ చివరి మాట సెక్రటరీ చెవిన పడింది. ఐదు నిమిషాల్లో గల్లీ అంతా పాకింది. చాల్ గ్యాలరీల్లోకి జనం వచ్చి నిలబడ్డారు. ఎవరో పైనుంచి, "ఒక్క ముసలిదాని పువ్వుల కోసం పోరల జాగ వోవాల్నా?" అని అరిచారు. ఇంకొకరు మరాఠీలో అందుకున్నారు. నిన్నటిదాకా ఆ పువ్వే కోసుకున్న ఇళ్ళవి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆఫీసు మనిషిని కదా.

అవ్వ మొదటి అంతస్తు నుంచి మెల్లగా కటకటం పట్టుకుని దిగి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"నీ కాగితంల దీన్ని ఏమని రాసినవ్ బిడ్డా?"

"కలుపని రాసిన అవ్వా" అన్నాను.

"నీ కాగితం లెక్కన ఇది పీకేసేదేనా?"

"అవును."

"ఇది లేకపోతే ఆ పైసలొస్తయా? తోట అయితదా?"

నేను మేడం వంక చూశాను. అవ్వ మాటలు ఈసారి ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. మేడం, "అమ్మా, అలా కాదు, నేను వాళ్ళతో మాట్లాడి చూస్తాను, టైమ్ పడుతుంది" అంది. టైమ్ అన్న మాట అవ్వకు తర్జుమా అక్కర్లేకపోయింది.

ఆమె కుచ్చెళ్ళు దోపుకుని ఇటుకలు దాటింది. మొదటి మొక్కను మొదట్లో పట్టుకుని లాగింది. మట్టి దులిపింది. పక్కన పెట్టింది. రెండోది లాగింది. కూలీ పెద్దావిడ పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఏందవ్వా ఇది! రెండు వారాలు ఆగరాదు!" అంది. అవ్వ చెయ్యి విడిపించుకుంది. "నువ్వు మంచి పని జేసినవ్ బిడ్డా, పీకక. నీ చేత్తోని ఒద్దు. నేను పెట్టిన, నేనే తీస్త" అంది.

చూడలేక నేనూ వంగి ఒక మొక్క పట్టుకున్నాను. అవ్వ తలెత్తకుండానే, "నువ్వొద్దు" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ మడి అంతా ఖాళీ కావడానికి ముప్పావు గంట పట్టింది. గ్యాలరీల్లోంచి ఎవరూ లోపలికి పోలేదు. సెక్రటరీ కటకటాలు పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు. అయ్యాక అవ్వ ఇటుక ముక్కలు కూడా తీసి గోడ వారన పేర్చి, మేడం దగ్గరికొచ్చి, బొంబాయి హిందీలో, "అబ్ లిఖో. ఇధర్ కిసీ కా కుఛ్ నై" అంది. ఇక్కడ ఎవరిదీ ఏమీ లేదు, నా రిపోర్టులో ఉన్న మాటా అదే. నేను రాసిన అబద్ధాన్ని ఆమె తన చేతులతో నిజం చేసి, మట్టి చేతులు చీరకు తుడుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. చలివేంద్రం వైపు తిరిగి, ఆవు ముఖాలను పరీక్షిస్తున్నట్టు నిలబడ్డాను.

గ్రాంటు ఆగలేదు. తోట బాగైంది, నిజంగా బాగైంది, దాతల డబ్బును నేనేమీ తక్కువ చేయను. సిమెంటు అతుకులు తీసి సున్నంతో పూసిన చలివేంద్రంలో నీళ్ళు పడ్డ రోజు ఒక తాత దోసిలి పట్టి తాగి, ఇంకా కావాలని మళ్ళీ పట్టాడు. పిల్లలు సాయంత్రాలు అక్కడే ఉంటారు. బళ్ళ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది లేకపోతే ఆ గల్లీ ఊపిరాడక పోయేది. ఆ ఏడు బతుకమ్మ మాత్రం దాదర్ బంతిపూలతో పేర్చారు. అవ్వ కూడా వచ్చి చప్పట్లు కొట్టి ఆడిందని సెక్రటరీ చెప్పాడు. నేను వెళ్ళలేదు.

జరిగింది జరిగినట్టు ట్రస్టుకు ఉత్తరం రాశాను, చాయ్ మాటతో సహా. మేడం అప్పటికే రాసింది కాబట్టి ఇందులో నా గొప్పేం లేదు. నన్ను ఏడాది పాటు బయటి పనుల నుంచి తప్పించి రికార్డు గదిలో కూచోబెట్టారు. అక్కడ పాత ఫారాలు తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. ఎవరు కట్టారు, ఏ రాయి, ఏ సున్నం, ఏ నక్షా అని మన ప్రశ్నలన్నీ ఒక్కసారి జరిగిపోయిన వాటి గురించే. ఏటేటా ఎవరో వచ్చి చేసే పనికి ఒక్క గడి లేదు. ఎవరో రోజూ నీళ్ళు పోస్తుంటే దానికి మన దగ్గరున్న మాట ఆక్రమణ ఒక్కటే. ఇది రాసి పైకి పంపాను. ఇప్పుడు మీ ఫారంలో 'ఈ స్థలంలో ఏడాది పొడవునా ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు? వాళ్ళనే అడిగి రాయండి' అని ఒక పేజీ ఉంది కదా. అది నింపడానికి మీరంతా విసుక్కుంటారని విన్నాను. విసుక్కోండి, కానీ నింపండి.

ఆ మడి మళ్ళీ గల్లీ ఆడవాళ్ళ పువ్వుల కోసం వాడుకోవచ్చని ట్రస్టు అనుమతి ఇవ్వడానికి మరో ఏడాది పట్టింది. ముద్ర వేసిన కాగితం పట్టుకుని, మిఠాయి పొట్లం కూడా కొనుక్కుని, అవ్వ గదికి వెళ్ళాను. చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని, వేలితో ముద్ర తడిమి చూసింది.

"మంచిగున్నది. కాగితం తెచ్చినవ్. ఇత్తులేవి బిడ్డా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. గునుగు విత్తనం పువ్వు ఎండాక రాలుతుంది. ఆమె పీకింది మొగ్గ మీద. ఆ నేలలో పాత గింజలైనా ఉండేవేమో, కానీ పనిలో భాగంగా అడుగు లోతు మట్టి తీసి కొత్త ఎర్రమట్టి నింపాం. ఆ మట్టి కొలత రాసింది కూడా నేనే. వాళ్ళత్త కొంగున ముడేసి తెచ్చిన గునుగు అక్కడితో అయిపోయింది. మిఠాయి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే కూచున్నాను.

నాగ్‌పాడా నాకాకు వెళ్ళి, ఊరికి పోయే కూలీలను పట్టుకుని, విత్తనాలు తెప్పించాను. పాలమూరు పొలాల గట్ల మీద అది ఎవరికీ అక్కర్లేకుండా పెరుగుతుంది, నా కోసం ఒక సంచెడు తెచ్చారు. మొదటి వానకు చల్లితే బ్రహ్మాండంగా మొలిచింది. అప్పటినుంచీ ఏటా పూస్తోంది.

నేను రిటైరై నాలుగేళ్ళయింది. ఏటా బతుకమ్మకు రెండు రోజుల ముందు అవ్వ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, మనవరాలి ఫోన్ నుంచి. "మీ ఆఫీసు గునుగు పూసింది బిడ్డా. ఆడోళ్ళు కోస్తరంట. కొయ్యమందునా?" అని అడుగుతుంది. నేను ఆఫీసులో లేనని, అది మీదేనని, ఎవరినీ అడగక్కర్లేదని ప్రతిసారీ చెబుతాను. అంతా వింటుంది. "గదంత సరే గని, కొయ్యమందునా?" అంటుంది. ఎగతాళి చేస్తోందా, నిజంగానే అడుగుతోందా నాకు తెలియదు. "కొయ్యమను అవ్వా" అంటాను. అప్పుడు ఫోన్ పెట్టేస్తుంది.